నిల్వ డీజిల్, ఆగిన జనరేటర్: కర్నూలులోని ఒక ఆసుపత్రి కేస్ స్టడీ

కర్నూలు నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 2025 వేసవిలో కొత్త జనరేటర్ లోడు మీద ఉండగా పదేపదే ఆగిపోయింది. కారణం వెతికి సరిచేసే పని మా సంస్థకు అప్పగించారు. ఆసుపత్రి పేరు చెప్పకుండా, యాజమాన్యం అనుమతితో ఆ పని వివరాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఇంజనులో లోపమేమీ లేదు. లోపం డీజిల్‌లో ఉంది, అది కూడా బంకులో కలిసింది కాదు, ఆసుపత్రి ఆవరణలోనే నిల్వలో పుట్టింది. కరెంటు కోతల కాలంలో వేసిన లెక్కతో కొన్న ట్యాంకులను, కోతలు తగ్గిన తరువాత కూడా అదే లెక్కతో నింపుతూ రావడమే దీనికి మూలమని నా నిర్ధారణ. రాయలసీమ పట్టణాల్లోని ఆసుపత్రులు, కల్యాణ మండపాలు, కాలేజీలు చాలావాటిలో ఇదే పరిస్థితి ఉంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

యంత్రాలు, ట్యాంకులు

ఆసుపత్రిలో రెండు జనరేటర్లు ఉన్నాయి. మొదటిది 2012లో కొన్న 160 కె.వి.ఎ. సెట్టు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించి, పట్టణాల్లో గంటల తరబడి సరఫరా నిలిపివేసిన కాలమది. ఆ రోజుల్లో ఈ సెట్టు రోజుకు నాలుగైదు గంటలు నడిచేదని పాత లాగ్ బుక్కులు చెబుతున్నాయి. గంటకు సుమారు 20 లీటర్ల చొప్పున ఒక ట్యాంకు డీజిల్ పది పన్నెండు రోజుల్లో ఖర్చయ్యేది. రెండోది 2024లో కొన్న 125 కె.వి.ఎ. సెట్టు. 2023 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి (సి.పి.సి.బి.) 4 ప్లస్ ఉద్గార ప్రమాణాలకు తగినట్టు తయారైన కామన్ రైల్ ఇంజను దీనిది. డీజిల్‌ను 'రైలు' అనే ఒకే గొట్టంలో అధిక ఒత్తిడితో నింపి, అక్కడి నుంచి సిలిండర్లలోకి చిమ్మే ఇంజెక్టర్లకు పంపే పద్ధతి ఇది.

రెండు సెట్లకూ డీజిల్ ఒకే చోటి నుంచి వస్తుంది. వెనక ప్రహరీకి ఆనించి వేసిన రేకుల షెడ్డు కింద రెండు 990 లీటర్ల ఇనుప ట్యాంకులు ఉన్నాయి. ఈ 990 అన్న అంకె వెనక చట్టం ఉంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం, డీజిల్ చేరే బి తరగతి పెట్రోలియాన్ని ఒకచోట మొత్తం 2500 లీటర్లకు మించకుండా, ఏ ఒక్క ట్యాంకులోనూ 1000 లీటర్లకు మించకుండా నిల్వ చేసుకుంటే లైసెన్సు అక్కర్లేదు. అందువల్లనే జనరేటర్ ఉన్న ప్రతిచోటా 990 లీటర్ల ట్యాంకు కనబడుతుంది. లైసెన్సు లేకుండా ఎంతవరకు పెట్టుకోవచ్చో ఆ అంకె చెబుతుంది తప్ప, మన అవసరం ఎంతో చెప్పదు. ట్యాంకు కొనేటప్పుడు ఈ తేడాను గుర్తుపెట్టుకునేవారు తక్కువ.

డీజిల్‌ను బంకు నుంచి 200 లీటర్ల బ్యారెళ్లలో ట్రాలీ ఆటోలో తెచ్చి, చేతిపంపుతో ట్యాంకులో పోస్తారు. ట్యాంకు అడుగున ఉన్న సాకెట్ నుంచి జి.ఐ. పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) ద్వారా, చిన్న మోటారు పంపుతో, జనరేటర్ల అడుగున ఉండే బేస్ ట్యాంకుల్లోకి పంపుతారు. మొదటి ట్యాంకు మాత్రమే వాడుకలో ఉంది. రెండోదాన్ని 'రిజర్వు' అని పేరు పెట్టి, వాల్వు మూసి ఉంచారు.

ఏం జరిగింది

మే నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలికి ఫీడరు (కరెంటు సరఫరా లైను) పోయింది. కరెంటు పోగానే జనరేటరును నడిపించే ఏ.ఎం.ఎఫ్. ప్యానెల్ ద్వారా కొత్త సెట్టు తనంతట తానే మొదలై లోడు తీసుకుంది. ముప్పావు గంట తరువాత ఇంజను వేగం ఎక్కుతూ దిగుతూ హంటింగ్ మొదలైంది. కాసేపటికి కంట్రోలర్ మీద రైలు ఒత్తిడి తక్కువగా ఉందన్న హెచ్చరిక వచ్చి ఇంజను ఆగింది. ఐ.సి.యు. యు.పి.ఎస్. మీద ఉంది. డయాలిసిస్ యంత్రాలకు సొంత బ్యాటరీ ఉంది. ఆపరేటర్ ఛేంజ్ ఓవర్ తిప్పి పాత సెట్టును లోడు మీదికి తెచ్చాడు. అది కొంచెం నల్లపొగ వదిలినా, కరెంటు వచ్చేదాకా నడిచింది. రోగులెవరికీ ఇబ్బంది కలగలేదు.

నిర్వహణ కాంట్రాక్టులో ఉన్న మెకానిక్ ఎయిర్ లాక్ (డీజిల్ లైనులో గాలి చిక్కడం) అని చెప్పి, ఫిల్టర్లు మార్చి, బ్లీడింగ్ చేసి, అంటే ఆ గాలి తీసి వెళ్లాడు. సెట్టు నడిచింది. రెండు వారాల లోపే మళ్లీ అదే విధంగా ఆగింది. తీసిన ఫిల్టరు నల్లగా ఉంది. మూడోసారి కొత్త ఫిల్టరు కొన్ని గంటల నడకకే మూసుకుపోయింది. వందల గంటలు నిలవాల్సిన ఫిల్టరు గంటల్లో మూసుకుపోతుంటే, ఇక చూడవలసింది ట్యాంకునే. అయినా అప్పటికే ఆసుపత్రిలో మూడు వాదనలు బలంగా పాతుకుపోయాయి: బంకువాళ్లు కల్తీ డీజిల్ పోశారని యాజమాన్యం, బి.ఎస్. 6 (భారత్ స్టేజ్ 6 ప్రమాణం) డీజిల్ పలచనిదని మెకానిక్, కొత్త ఇంజనే నాసిరకమని ఆపరేటర్.

వాదనలను పరీక్షించడం

బంకు మీది అనుమానాన్ని తేల్చడానికి అదృష్టవశాత్తు ఆధారం మిగిలి ఉంది. చివరిసారి తెచ్చిన బ్యారెళ్లలో ఒకటి సీలు తీయకుండా ఉంది. దాని నుంచి గాజు సీసాలోకి తీసిన నమూనా తేటగా ఉంది. ఒక రాత్రి కదపకుండా ఉంచినా అడుగున ఏమీ చేరలేదు. బంకులో ప్రతి లోడుకూ సాంద్రత నమోదు చేసే రిజిస్టరు ఉంటుంది. అడిగిన వినియోగదారుకు దాన్ని చూపి, హైడ్రోమీటరుతో కొలిచి చూపించడం వారి బాధ్యత. ఆ రోజు నమోదైన సాంద్రతకు, మేము కొలిచి 15 డిగ్రీలకు సరిచేసిన సాంద్రతకు తేడా, అనుమతించిన ఘనపు మీటరుకు 3 కిలోల లోపే ఉంది. కిరోసిన్ కలిపితే సాంద్రత తగ్గుతుంది. దాని వల్ల నీరు, బంక పుట్టవు. కాబట్టి బంకు మీద నేరం మోపడానికి ఆధారం లేదని యాజమాన్యానికి రాతపూర్వకంగా చెప్పాము.

బి.ఎస్. 6 వాదన మన మెకానిక్‌లలో చాలామంది నమ్మేది కాబట్టి ఒక మాట చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్ముతున్న డీజిల్‌లో గంధకం 10 పి.పి.ఎం. మించరాదు. బి.ఎస్. 4లో ఆ పరిమితి 50. గంధకాన్ని తొలగించే శుద్ధిలో డీజిల్‌కు సహజంగా ఉండే కందెన గుణం తగ్గుతుందన్నది నిజమే. అయితే రిఫైనరీలు దానికి తగిన సంకలితం కలిపే అమ్ముతాయి, కందెన గుణానికి భారతీయ ప్రమాణంలో పరిమితి కూడా ఉంది. ఆ కారణంగా పంపు అరిగిపోవచ్చునేమో గాని, ఫిల్టరు నల్ల బంకతో మూసుకుపోదు.

ఇక ఇంజను. ఒకే డీజిల్‌తో పాతది నడిచి కొత్తది ఆగింది కాబట్టి లోపం కొత్తదానిలోనే ఉందన్న తర్కం పైకి సబబుగానే ఉంటుంది. నిజానికి పాత ఇంజను పంపు యాంత్రికమైనది, దాని ఫిల్టరు రంధ్రాలు పెద్దవి, కొంత మురికినీ కొంత నీటినీ అది భరిస్తూ పొగ రూపంలో చెబుతుంది. కామన్ రైల్‌లో ఒత్తిడి వెయ్యి బార్లకు పైగా ఉంటుంది. ఇంజెక్టరు లోపలి భాగాల మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లే. అందుకే దాని ఫిల్టర్లు అంత సన్ననివి. ఫిల్టరు మూసుకుపోయి డీజిల్ చాలకపోతే రైలు ఒత్తిడి పడిపోతుంది, కంట్రోలర్ ఇంజనును ఆపేస్తుంది. కొత్త ఇంజను ఆగడం దాని లోపం కాదు, ఇంజెక్టర్లను కాపాడుకునే దాని పద్ధతి. మూసుకుపోయిన ఫిల్టరును తీసి నేరు పైపు వేసి నడిపిద్దామన్న సలహా కూడా ఒకరు ఇచ్చారట. ఆ సలహా పాటించి ఉంటే ఒక్కొక్కటి పదుల వేల ఖరీదు చేసే ఇంజెక్టర్లు మార్చవలసి వచ్చేది.

ఇక్కడే ఒక భద్రతా విషయం. పాత ఇంజన్లకు బ్లీడింగ్ చేసే అలవాటుతో, నడుస్తున్న కామన్ రైల్ ఇంజనుకు అధిక ఒత్తిడి పైపు నట్టు వదులు చేయకూడదు. ఆ ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ గాయం పైకి చిన్నదిగా కనబడినా శస్త్రచికిత్స దాకా వెళ్లే ప్రమాదం ఉంది. గాలి తీయవలసింది తక్కువ ఒత్తిడి వైపు, చేతి ప్రైమర్‌తో మాత్రమే.

ట్యాంకులో దొరికింది

రెండు ట్యాంకుల నుంచీ పైన, మధ్య, అడుగు అని మూడు స్థాయుల్లో నమూనాలు తీశాము. మొదటి ట్యాంకు పై నమూనా కొంచెం ముదురు రంగులో ఉన్నా తేటగా ఉంది. అడుగు నమూనా సీసాలో తెల్లవారేసరికి మూడు పొరలయింది: కింద నీరు, దాని మీద గోధుమరంగు బంక, ఆ పైన డీజిల్. నీటిని గుర్తించే పేస్టును డిప్ రాడ్ (మట్టం కొలిచే కడ్డీ) కొసకు పూసి దించితే, సుమారు 3 సెంటీమీటర్ల ఎత్తు దాకా రంగు మారింది. ట్యాంకు అడుగు వైశాల్యం దాదాపు 1.35 చదరపు మీటర్లు. అంటే ఇంచుమించు 40 లీటర్ల నీరు.

నీటికీ డీజిల్‌కూ నడుమ ఉన్న బంక సూక్ష్మజీవుల పని. వాటికి బతకడానికి నీరు, తినడానికి డీజిల్ కావాలి. రెండూ కలిసే ఆ సరిహద్దులోనే అవి పెరుగుతాయి. 'హోర్మోకోనిస్ రెసినే' అనే బూజు ఇంధన ట్యాంకుల్లో ఎంతో కాలంగా తెలిసినదే. దానితోపాటు రకరకాల బ్యాక్టీరియా ఉంటుంది. గంధక సమ్మేళనాలను హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చే రకం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, ఇనుము లోపలి నుంచి గుంటలు గుంటలుగా తింటుంది. మొదటి ట్యాంకు అడుగు నీటిలో ఆ వాసన స్పష్టంగా ఉంది. 25 నుంచి 35 డిగ్రీల వేడి ఇలాంటి జీవులకు అనుకూలం. అంత వేడి మన దగ్గర ఏడాదిలో చాలా నెలలు ఉంటుంది.

రెండో ట్యాంకు కథ వేరు. అందులో నీరు కొద్దిగానే ఉంది గాని డీజిల్ మొత్తం ముదురు గోధుమరంగుకు తిరిగి, ఘాటైన పుల్లని వాసన వేస్తోంది. అడుగున నల్లని మడ్డి పేరుకుంది. కొనుగోలు బిల్లులు తిరగేస్తే, ఆ ట్యాంకును చివరిసారి నింపింది 2020 మార్చిలో, లాక్‌డౌన్ భయంతో అని తేలింది. ఆ తరువాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మే నెలలో మొదటి ట్యాంకు మట్టం తగ్గినప్పుడు, బ్యారెళ్లు రావడం ఆలస్యమైందని ఆపరేటర్ రిజర్వు వాల్వు తెరిచాడు. లాగ్ బుక్‌లో ఆ నమోదు, మొదటిసారి సెట్టు ఆగిన తేదీ కంటే కొద్ది రోజుల ముందుది. ఐదేళ్ల మడ్డి, 40 లీటర్ల నీటి మీది బంక, రెండూ ఒకేసారి కొత్త ఇంజను ఫిల్టరు దాకా వచ్చాయి.

డీజిల్ నిల్వలో ఆక్సీకరణ చెంది జిగురుగా, మడ్డిగా మారుతుంది. వేడి పెరిగినకొద్దీ ఇది వేగమవుతుంది. స్థూలంగా ప్రతి 10 డిగ్రీలకూ వేగం రెట్టింపు అవుతుందని లెక్కిస్తారు. చల్లని చోట ఏడాది నిలిచే డీజిల్ 30 డిగ్రీలు దాటిన చోట ఆరు నెలలు నిలిస్తే మంచిదే. కర్నూలులో మే నెలలో నీడలోనే 42, 43 డిగ్రీలు మామూలు. పడమటి ఎండ తగిలే రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. దీనికి తోడు జి.ఐ. పైపు మీది జింకు, ఇత్తడి వాల్వుల్లోని రాగి ఆక్సీకరణను వేగిరపరుస్తాయి. పైపు చివరి జాలీ విప్పినప్పుడు బూడిదరంగు జిగట పొర కనిపించింది. జింకు, పాతబడిన డీజిల్‌లో పుట్టే ఆమ్లాలు కలిసి ఏర్పడే సబ్బు అది. డీజిల్ లైనుకు జి.ఐ. పైపు వాడవద్దని తయారీదారులు చెబుతారు. అయినా ప్లంబరు దగ్గర ఉన్నది అదే కాబట్టి అదే వేస్తారు.

నీరు ఎక్కడి నుంచి వచ్చింది

ఈ ప్రశ్నకు సాధారణంగా వచ్చే సమాధానం: సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలిలోని తేమ రాత్రి చల్లబడి నీరవుతుంది, కాబట్టి ట్యాంకును ఎప్పుడూ నిండుగా ఉంచాలి. శిక్షణ తరగతుల్లోనూ ఇదే చెబుతారు. మన ప్రాంతానికి ఇది ఎంతవరకు వర్తిస్తుందో అంకెలతో చూద్దాము. ట్యాంకులో 700 లీటర్ల ఖాళీ ఉందనుకుందాము. పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడా ఉంటే, లోపలి గాలి సుమారు 5 శాతం వ్యాకోచించి సంకోచిస్తుంది. అంటే రోజుకు 35 లీటర్ల బయటి గాలి లోపలికి వస్తుంది. ఘనపు మీటరు గాలిలో 20 గ్రాముల తేమ ఉందనుకున్నా, ఆ 35 లీటర్లలో ఉండేది 0.7 గ్రాము. అదంతా నీరై కిందికి దిగినా ఏడాదికి పావు లీటరు. వాస్తవంలో అందులో కొంత భాగమే నీరవుతుంది, పైగా మన వేసవి గాలిలో తేమ అంత ఉండదు. డీజిల్‌తో కలిసి వచ్చే నీటికి ప్రమాణం కిలోకు 200 మిల్లీగ్రాములు. వెయ్యి లీటర్లకు అది 170 గ్రాముల లోపే. ఈ రెండు దారుల్లో పదేళ్లు పోగైనా 40 లీటర్లు రావు. తీరప్రాంతంలో లెక్క కొంత పెరగవచ్చు. కర్నూలులో, అనంతపురంలో ట్యాంకులో లీటర్ల కొద్దీ నీరు కనబడితే అది వాన నీరేనని అనుకుని వెతకడం మొదలుపెట్టాలి.

అలా వెతికితే రెండు దారులు కనిపించాయి. షెడ్డు రేకు అంచు సరిగ్గా మొదటి ట్యాంకు ఫిల్లర్ (డీజిల్ పోసే నోరు) మూత పైన ముగుస్తుంది. వాన పడితే రేకు మీది నీరంతా ట్యాంకు పై పలక మీద పడుతుంది. ఏళ్ల తరబడి బ్యారెళ్లు ఆనించడం వల్ల ఆ పలక నడుమ కుంగి, నీరు నిలుస్తోంది. ఫిల్లర్ సాకెట్ ఎత్తు ఒక అంగుళమే, మూతకు గాస్కెట్ లేదు. రెండో దారి బ్యారెళ్లు. వాటిని ఆరుబయట నిలువుగా నిలబెడుతున్నారు. పై పలక అంచు లోపల వాన నీరు నిలుస్తుంది. పగలు వేడెక్కిన బ్యారెల్ రాత్రి చల్లబడినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, బిరడా మర చుట్టూ ఉన్న ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. బిరడా బిగువుగా ఉందని చెప్పినా ఇది ఆగదు. బ్యారెల్‌ను పడుకోబెట్టి, రెండు బిరడాలూ అడ్డంగా ఒకే మట్టంలో ఉండేలా తిప్పి ఉంచితే, లోపలి వైపు డీజిల్ కప్పి ఉంటుంది కాబట్టి నీరు చేరదు.

నీరు చేరిన తరువాత దాన్ని తీసే మార్గం కూడా లేదు. ట్యాంకు నేలకు ఆనించి ఉంది. డ్రెయిన్ కాక్ పెట్టే స్థలమే లేదు. డీజిల్ తీసే సాకెట్ అడుగుకు ఆనుకుని ఉంది. పంపు వేసిన ప్రతిసారీ మొదట కదిలేది అడుగు నీరే.

శుభ్రం చేయడం

మొదట అడిగిన ప్రశ్న ఈ డీజిల్‌ను కాపాడుకోవచ్చా అని. మొదటి ట్యాంకు విషయంలో అవునన్నాము. పై భాగాన్ని నెమ్మదిగా తోడి, నీటిని వేరుచేసే ఫిల్టరు, ఆ తరువాత సన్నని ఫిల్టరు గుండా తిప్పి, తేటపడిన తరువాత పాత సెట్టులోనే ఖర్చు చేయించాము. రెండో ట్యాంకు డీజిల్ మొత్తం పనికిరాదని చెప్పాము. సుమారు 90 వేల రూపాయల విలువైన డీజిల్ పారేయమంటే ఏ యజమానికైనా మింగుడుపడదు. మార్కెట్‌లో దొరికే ఏదో ఒక సీసా మందు కలిపి వాడదామన్నారు. మడ్డి పట్టకుండా ఆపే స్థిరకారి తాజా డీజిల్‌లో కలిపితే ఉపయోగపడుతుంది. ఇప్పటికే ఆక్సీకరణ చెందినదాన్ని అది వెనక్కి తీసుకురాలేదు. ఇక నీటిని 'మాయం చేసే' మందుల్లో కొన్ని చేసే పని నీటిని సన్నని తుంపరలుగా డీజిల్ అంతటా కలిపేయడం. అప్పుడు నీరు, దాన్ని వేరుచేసే ఫిల్టరైన సెపరేటర్‌లో ఆగకుండా నేరుగా కామన్ రైల్ పంపు దాకా పోతుంది. అలాంటి మందు ఈ ఇంజనుకు పడదని గట్టిగా చెప్పవలసి వచ్చింది. చివరికి ఆ డీజిల్‌నూ, మడ్డినీ, అడుగు నీటినీ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద అనుమతి ఉన్న సంస్థకు అప్పగించారు. కర్నూలులో కాలువలో పోసింది హంద్రీకో తుంగభద్రకో చేరుతుంది.

పనిని తెల్లవారుజామున పెట్టుకున్నాము. భారతీయ ప్రమాణం ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్ (దాని ఆవిరి నిప్పుకు అంటుకోగల కనిష్ఠ వేడి) కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు. అంటే మే నెల మధ్యాహ్నం, షెడ్డు కింద, తెరిచిన ట్యాంకు పైన ఉన్న ఆవిరి నిప్పురవ్వకు అంటుకోగలదు. డీజిల్ పెట్రోలులా కాదు, భయం లేదు అన్న మాట చల్లని దేశాలకు సరిపోతుందేమో, మన ఎండలకు సరిపోదు. గ్రైండర్, వెల్డింగ్ దగ్గరికి రానివ్వలేదు. ట్యాంకులోకి మనిషిని దించలేదు. మ్యాన్‌హోల్ నుంచి పొడవాటి గొట్టంతో, గీరు పలకతో పని పూర్తిచేశాము.

బంకను చంపే మందును శుభ్రం చేసిన తరువాతే వాడాలి. ముందు వాడితే చచ్చిన బంకంతా ఊడి ఒకేసారి ఫిల్టర్లకు చేరుతుంది. మోతాదు సీసా మీద రాసిన దానికి మించకూడదు, చేతికి తగలనివ్వకూడదు.

ఎంత నిల్వ ఉండాలి

అన్నిటికంటే ఎక్కువ చర్చ జరిగింది దీని మీదే. ఇటీవలి ఏడాది లాగ్ బుక్ ప్రకారం రెండు సెట్లూ కలిపి నెలకు సగటున ఐదు గంటలు నడిచాయి. ఖర్చు 75 లీటర్ల దరిదాపు. రెండు ట్యాంకులూ నిండుగా ఉంచితే లోపలి డీజిల్ మారడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. ఆరు నెలలు దాటితే అనుమానించవలసిన ఎండల్లో ఇది అర్థం లేని నిల్వ. అత్యవసర లోడు 65 కిలోవాట్లు. లీటరుకు మూడు యూనిట్లకు పైగా వస్తాయనుకుంటే గంటకు 20 లీటర్లు, రోజంతా కరెంటు లేకపోతే 480. నెలనెలా చేసే పరీక్షను కూడా కలిపి చూసి, నిల్వ 400కు తగ్గినప్పుడు ఒక బ్యారెల్ తెప్పించి 600 దాటకుండా ఉంచమని సూచించాము. అలా ఉంచితే డీజిల్ సగటు వయసు ఐదారు నెలలు దాటదు.

యాజమాన్యం అభ్యంతరం సహేతుకమైనదే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు రోజుల తరబడి ఏదీ దొరకలేదు. అలాంటిది మళ్లీ వస్తే 600 లీటర్లు ఏ మూలకు? దీనికి మా సమాధానం: అలాంటి వరద వస్తే నేల మీద ఉన్న ట్యాంకులోకి ఫిల్లర్, బ్రీదర్ (గాలి ఆడే గొట్టం) గుండా వరద నీరే చేరుతుంది. అందులో 600 ఉన్నా 1900 ఉన్నా ఒకటే. వరద భయం నిజమైతే ఖర్చు పెట్టవలసింది ఎత్తు మీద. నెలల ముందే తెలిసే వానాకాలానికి కావాలంటే సెప్టెంబరులో నిల్వ పెంచి, డిసెంబరుకల్లా తగ్గించవచ్చు. ఈ వాదనకు వారు పూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను గాని, రెండో ట్యాంకును ఖాళీ చేసి మూసివేయడానికి అంగీకరించారు.

ట్యాంకు నిండుగా ఉంచాలన్న ఆనవాయితీకి ఇది విరుద్ధమని నాకు తెలుసు. ఎండిన గాలి ఉండే మన జిల్లాల్లో, వాన నీరు చేరే దారులు మూసివేసిన ట్యాంకులో, నిండుగా ఉన్న పాత డీజిల్ కంటే సగం ఉన్న తాజా డీజిల్ మేలు. తేమ మీద ఇంకా అనుమానం ఉంటే బ్రీదర్‌కు తేమను పీల్చే సిలికా జెల్ డబ్బా తగిలించవచ్చు. ఇక్కడ తగిలించాము కూడా.

మార్పులు

మొదటి ట్యాంకును అడుగున్నర ఎత్తు స్టాండు మీదికి ఎక్కించి, ఒక కొస రెండు సెంటీమీటర్లు వాలుగా ఉంచి, ఆ కొసన డ్రెయిన్ కాక్ పెట్టించాము. డీజిల్ తీసే గొట్టాన్ని పై నుంచి దించి, ఎత్తుగా ఉన్న కొసన, అడుగుకు 5 సెంటీమీటర్ల పైన ఆపాము. ఫిల్లర్ సాకెట్‌కు మర ఉంది కాబట్టి వెల్డింగ్ లేకుండానే అరడుగు ఇనుప నిపుల్ బిగించి, గాస్కెట్ ఉన్న మూత పెట్టాము. బ్రీదర్ కొసను కిందికి వంచి జాలీ కట్టాము. రేకును రెండడుగులు ముందుకు సాగించి, పైన తెల్ల రంగు వేయించారు. బేస్ ట్యాంకుల మట్టం సగానికి తగ్గకుండా చూడమన్నాము. కామన్ రైల్ ఇంజను నుంచి తిరిగి వచ్చే డీజిల్ వేడిగా ఉంటుంది, మట్టం తక్కువగా ఉంటే ఆ వేడి ట్యాంకంతటికీ పాకుతుంది.

సెక్యూరిటీ గార్డు రోజూ ఉదయం ఐదు నిమిషాలు లోడు లేకుండా నడిపి ఆపే అలవాటును మాన్పించాము. దానివల్ల ఇంజను సరిగా వేడెక్కక, కాలని డీజిల్ ఎగ్జాస్టులో చేరుతుంది. లోడు మీద ఎలా ఉంటుందో తెలియదు, డీజిల్ కూడా ఖర్చు కాదు. అమెరికాలోని జాతీయ అగ్నిరక్షణ సంఘం (ఎన్.ఎఫ్.పి.ఎ.) 110 ప్రమాణం నెలకోసారి కనీసం 30 నిమిషాలు, 30 శాతానికి తగ్గని లోడుతో నడపమంటుంది. ఇక్కడ అది తప్పనిసరి కాకపోయినా మంచి కొలమానమే. ఆసుపత్రికి నెలలో ఒక ఆదివారం ఉదయం, నిజమైన లోడు మీద గంటసేపు అని నిర్ణయించాము.

ఆపరేటర్ పని ఇప్పుడు ఇలా ఉంది. వారానికోసారి సెపరేటర్ గిన్నె నీరు వదలాలి. నెలకోసారి, వానాకాలంలో పెద్ద వాన పడిన మరునాడు కూడా, పేస్టుతో డిప్ రాడ్ వేయాలి. బ్యారెల్ పోసిన రోజు అడుగు మడ్డి కదులుతుంది కాబట్టి అత్యవసరం లేకపోతే ఆ రోజు బేస్ ట్యాంకుకు పంపు వేయకూడదు. ప్రతి కొనుగోలులో ఒక లీటరు నమూనాను తేదీ రాసిన ముదురు రంగు సీసాలో దాచాలి, ఆ కొనుగోలు డీజిల్ అయిపోయేదాకా ఉంచాలి. ఈ చివరిది చిన్న పనే, కాని బంకుతో వివాదం వస్తే చేతిలో ఉండే ఆధారం అదొక్కటే. మెకానిక్‌కు చెప్పింది ఒకటే: కొత్త సెకండరీ ఫిల్టరును సీసాలోని డీజిల్‌తో నింపి బిగించకూడదు. వడకట్టని ఆ డీజిల్ ఫిల్టరు అవతలి వైపు నుంచి నేరుగా పంపుకు పోతుంది.

ఫిల్టరుకూ, ట్యాంకు నుంచి డీజిల్ లాగే లిఫ్ట్ పంపుకూ నడుమ ఒక వాక్యూమ్ గేజి కూడా పెట్టాము. ఫిల్టరు మూసుకుపోతున్నకొద్దీ సూది కదులుతుంది కాబట్టి, ఇంజను ఆగకముందే తెలుస్తుంది. ఖరీదు తక్కువ, ప్రయోజనం ఎక్కువ. ఇన్నాళ్లూ ఇది ఎవరికీ ఎందుకు తట్టలేదో అనిపిస్తుంది.

ఆ ఏడాది వానలు గడిచేవరకు డిప్ రాడ్ మీద పేస్టు రంగు మారలేదు. కొత్త సెట్టు మళ్లీ ఆగలేదు, ఫిల్టర్లు తయారీదారు చెప్పిన గడువుకు చేరాయి. షెడ్డు నుంచి జనరేటర్ల దాకా జి.ఐ. పైపును తీసి జింకు పూత లేని ఇనుప పైపు వేయించాము గాని, అంబులెన్సు దారి కాంక్రీటు కింద ఉన్న ముక్క మిగిలిపోయింది. ఆ దారిని తవ్వే పని ఆసుపత్రి విస్తరణతోపాటు చేస్తామన్నారు. అప్పటిదాకా ఆ పైపు చివర పెట్టిన జాలీని నెలకు రెండుసార్లు విప్పి చూసి, బూడిదరంగు పొర కనబడితే తుడిచి, ఆ తేదీని లాగ్ బుక్‌లో రాస్తున్నారు.